కొంగుముడిలో మాత్ర

రక్తం మంచిదే. మిషను మంచిదే. సూది పడాల్సిన చోటే పడింది. మోకాళ్ళు మాత్రం శర్వాణి మాట వినలేదు.

డాక్టర్ శర్వాణి ఆ పెద్దాసుపత్రిలో మత్తు విభాగంలో పీజీ విద్యార్థిని. ఎంట్రన్సులో రాష్ట్రానికి పదకొండో ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. ఆ సంగతి తనంతట తాను ఎవరికీ చెప్పేది కాదు గానీ, ఎవరైనా చెబుతుంటే అడ్డం కూడా వచ్చేది కాదు.

ఆమె థీసిస్ మోకాళ్ళ నొప్పుల మీద. పేషెంటు చేతి నుంచే కాస్త రక్తం తీసి, గొట్టాల్లో పోసి, గిర్రున తిప్పే మిషన్లో రెండుసార్లు తిప్పితే, ఎర్రదంతా అడుక్కి దిగి పైన ఎండుగడ్డి రంగులో ప్లాస్మా తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్లు కిక్కిరిసి ఉంటాయి. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా మరమ్మతు మొదలుపెట్టేవి అవే. ఆ ప్లాస్మాను స్కానింగులో చూసుకుంటూ అరిగిన మోకీలులోకి ఎక్కిస్తే మూణ్ణెల్లలో నొప్పి తగ్గాలి. పుస్తకాల్లో తగ్గింది. ఇక్కడ తగ్గలేదు.

ముప్పై మందిని తీసుకుంది. చాలామంది మిర్చియార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోతాం మీద కూర్చుని చేసే పని. మోకాలు ముడవకపోతే ఆ పనికి రమ్మనరు. వాళ్ళు ఓపీకి వస్తే వాళ్ళతోపాటు మిరప ఘాటు కూడా వచ్చేది. కారిడారులో అందరూ తుమ్మేవాళ్ళు, వాళ్ళు తప్ప.

సగం మందికి ప్లాస్మా, సగం మందికి ఉత్త సెలైన్. ఎవరికి ఏది పడిందో పేషెంటుకీ తెలియదు, తరవాత నొప్పి ఎంతుందో అడిగే నర్సుకీ తెలియదు. మూణ్ణెల్లయ్యాక లెక్కల లెక్చరరు ఆ వివరం అంటించి దాచిన కవర్లు విప్పి చూసి, ప్లాస్మాకీ ఉప్పునీళ్ళకీ తేడా ఏమీ లేదమ్మా అని, ఎవరో పోయిన కబురు చెప్పినంత మెల్లగా చెప్పాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆసుపత్రి మొత్తానికి ఆ మిషను ఒక్కటే. చర్మవ్యాధుల వాళ్ళు దాని మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నారు. వాళ్ళకూ ఈ ప్లాస్మాయే కావాలి, బట్టతలల మీద జుట్టు మొలిపించడానికి. మోకాళ్ళకు పనికిరాదని తేలాక మత్తు విభాగంలో మిషను ఎందుకని వాళ్ళు సూపరింటెండెంటుకి కాగితం పెట్టారు. ఆయన తలమీద నాలుగు వెంట్రుకలు కూడా లేవు గనక తీర్పు ఎటు వస్తుందో అని హౌస్ సర్జన్లు పందేలు వేసుకున్నారు. మిషను పోతే శర్వాణి థీసిస్ ఒక్కటే పోదు. ఓపీ కారిడారులో బెంచీ మీద కూర్చునే ఆడవాళ్ళ మోకాళ్ళ సంగతి పట్టించుకోవడానికి మరో చోటు లేదు.

శర్వాణి వెతకని లోపం లేదు. మిషను కంపెనీ ఇంజనీరును రెండుసార్లు పిలిపించింది. గొట్టాలు మార్చింది. ప్లేట్‌లెట్లు లెక్కపెట్టిస్తే లెక్క భేషుగ్గా ఉంది. చివరికి తప్పు మోకాళ్ళదే అని తేల్చుకుని, రిజిస్టరు చంకన పెట్టుకుని మస్తాన్ సారు గదికి వెళ్ళింది.

డాక్టర్ మస్తాన్ వలీ ఆ విభాగానికి హెడ్డు. నలభై ఏళ్ళుగా జనాన్ని నిద్రపుచ్చి లేపుతున్న మనిషి. కళ్ళు తెరిచినవాళ్ళు సర్జనుకి దణ్ణం పెడతారు. అప్పటికి మస్తాన్ సారు పక్క థియేటర్లో ఇంకొకరిని నిద్రపుచ్చుతూ ఉంటారు. ఆయనకో అలవాటు ఉంది. ఆపరేషన్‌కి వచ్చే పేషెంటును భయంగా ఉందా అని అడగరు. వార్డు నుంచి థియేటరు దాకా చెయ్యి పట్టుకుని ట్రాలీ పక్కన నడుస్తారు, అంతే. ఆ తరవాత ఎంత మందు ఇవ్వాలో ఆయనకు తెలిసిపోతుంది. శిష్యులు ఆయన దగ్గర అన్నీ నేర్చుకున్నారు గానీ, చేతిలో సిరంజీ ఉండగా ఇంకో చెయ్యి ఖాళీగా ఎందుకు ఉంచుకోవాలో ఒక్కరూ నేర్చుకోలేదు.

శర్వాణి తన గోడు వెళ్ళబోసుకుంది. మామూలు నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్లను పని చెయ్యనివ్వవు గనక ఇంజెక్షనుకి వారం ముందు నుంచి, ఆ తరవాత రెండు వారాల దాకా ముట్టుకోవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పానంది. ప్రతిసారీ అడిగానంది. ముప్పై మందీ వేసుకోలేదన్నారు. ముప్పై టిక్కులు.

"ఈ మోకాళ్ళే మరీ పాడైపోయాయేమో సార్. ఇంకో ఊరివాళ్ళ మీద చేసి ఉంటే ఫలితం వచ్చేదనుకుంటా."

మస్తాన్ సారు రిజిస్టరు తిప్పారు. టిక్కులన్నీ ఒకే నిలువు గడిలో, ఒకే సైజులో, ముచ్చటగా ఉన్నాయి. ఒక్క పేరు మాత్రం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. అనసూయమ్మ.

ఈవిడ సంగతేమిటని అడిగారు. మొదటి వారమే మాత్ర వేసుకున్నానని చెప్పింది సార్, ఇంజెక్షను ఇవ్వకముందే, నియమం ప్రకారం తీసేసి ఆవిడ చోట ఇంకొకరిని తీసుకున్నాను అంది శర్వాణి. నలుగురిలో చెప్పి మరీ తీసేశాను, మిగతావాళ్ళకి తెలియాలని.

"తెలిసింది" అన్నారు మస్తాన్ సారు. రిజిస్టరు మూసి ఇచ్చేశారు. గురువారం ఓపీకి వస్తానన్నారు.

గురువారం కారిడారు బెంచీ మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. మొదట సామ్రాజ్యమ్మ. యాభై దాటిన మనిషి, యార్డులో ముప్పై ఏళ్ళుగా తొడిమలు తీస్తోంది. ఇప్పుడు కూర్చుంటే ఇద్దరు లేపాలి. ఇంజెక్షను పడి మూణ్ణెల్లు దాటింది, ఆమెకు పడింది ప్లాస్మాయేనని కవరులో తేలింది కూడా. కాలు మాత్రం అట్టాగే ఉంది. శర్వాణి మాట్లాడితే రైల్వే స్టేషన్‌లో మైకు మాట్లాడినట్టు స్పష్టంగా ఉంటుంది. ఆ మూడు వారాల్లో నొప్పి మాత్ర ఏమన్నా వేసుకున్నారా అని అడిగింది.

"లేదు తల్లీ, ఏసుకోలా."

శర్వాణి తలెత్తి చూసింది, విన్నారా సార్ అన్నట్టు. అప్పటికి మస్తాన్ సారు కుర్చీ వైపు వెళ్ళలేదు. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని, మెల్లగా, యా అల్లా అనుకుంటూ బెంచీ పక్కన నేల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు కంగారుగా లేవబోయారు. పెద్ద డాక్టరు నేల మీద కూర్చోవడం వాళ్ళెక్కడా చూడలేదు. ఆయన చేత్తోనే వద్దన్నారు. సామ్రాజ్యమ్మ పక్కనున్న నీళ్ళ సీసా అడిగి తీసుకున్నారు. చొక్కా జేబులోంచి మాత్రల స్ట్రిప్పు తీసి, ఒకటి నొక్కి, నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు.

శర్వాణికి ఆశ్చర్యమేసింది. ఆయనకు మోకాళ్ళ నొప్పి ఉందని రెండేళ్ళలో ఒక్కరోజు కూడా అనుకోలేదు. నిన్న ఎనిమిది గంటలు థియేటర్లో ఆయన పక్కనే నిలబడింది.

"నలభై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళమ్మా" అన్నారాయన సామ్రాజ్యమ్మతో. "పొద్దున ఒకటి పడకపోతే మెట్లెక్కలేను. మీరు ఏది వాడతారు?"

సామ్రాజ్యమ్మ ఆ స్ట్రిప్పు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. యార్డులో కాయ చూసి రకం చెప్పే మనిషి.

"ఈ తెల్లయ్యా? ఇయ్యి ఆనవు సారూ."

కొంగుముడి విప్పింది. కాగితం పొట్లంలో పచ్చ మాత్రలు నాలుగున్నాయి. ఇవి వేసుకుని చూడండి, గంటలో లేచి తిరుగుతారు అంది. పక్కావిడ ఒప్పుకోలేదు. పచ్చవి కడుపులో మంట పెడతాయని, ఎర్రవి మేలని బొడ్లోంచి చిన్న సంచి తీసింది. మూడో ఆవిడ తమ ఊరి ఆర్ఎంపీ ఇచ్చేవి రెండు రంగులూ కలిపి వేసుకోవాలంది. ఏ మాత్ర ఎంతసేపు ఆగుతుందో, ఏది అన్నం తిన్నాక వెయ్యాలో, ఏది వేస్తే నిద్రొస్తుందో, ఆ బెంచీ మీద జరిగిన చర్చ ఏ మెడికల్ కాలేజీలోనూ జరిగి ఉండదు. మస్తాన్ సారు బుద్ధిగా వింటూ కూర్చున్నారు.

శర్వాణి చేతిలో పెన్ను అట్టాగే ఉండిపోయింది.

ఆఖరి ఆవిడ ఆమె మొహం చూసి గుప్పిట మూసేసింది. ఒకరిని చూసి ఒకరు, అందరూ మూశారు. సామ్రాజ్యమ్మ ఒక్కతే మూయలేదు. ఇక దాచి లాభం లేదనుకుందో, నేల మీద కూర్చున్న పెద్దాయన్ను చూసి ధైర్యం వచ్చిందో.

"బస్సు మెట్టు ఎత్తు తల్లీ. ఇది ఏసుకోకపోతే ఎక్కలేను. ఎక్కకపోతే నీ కాడికి ఎట్టా వచ్చేది?"

అనసూయ నిజం చెప్పింది, పేరు కొట్టేశావుగా అంది. కోపంగా కాదు. వానొస్తే తడుస్తాం అన్నంత మామూలుగా అంది.

మస్తాన్ సారు శర్వాణి వైపు చెయ్యి చాచారు. ఆమె పట్టుకుని లేపింది. లేస్తూ ఆయన తన బరువు మొత్తం ఆమె చేతి మీద వేశారు. ఎక్కడ నొప్పి కలుక్కుమందో, ఎక్కడ పట్టు దొరికిందో ఆ చేతిలో ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఆయన చెప్పులేసుకుని, థియేటర్లో కేసుందని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం శర్వాణి అన్నం తినలేదు. సిగ్గేసింది. వాళ్ళు అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ అబద్ధం నేర్పింది తనే అయినందుకు. మూడు వారాలు మాత్ర మానమని చెప్పింది గానీ, మానేస్తే ఎట్టా నడుస్తారని ముప్పై మందిలో ఒక్కరినీ అడగలేదు. అంతకంటే పెద్ద సిగ్గు ఇంకోటి ఉంది. తను మత్తు డాక్టరు. నొప్పి లేకుండా చెయ్యడమే తన చదువు. అలాంటిది నొప్పి భరించి రండని చెప్పి పంపింది.

మర్నాడు మిషను సంగతి తేల్చే కమిటీ ముందు నిలబడింది. సూపరింటెండెంటు, చర్మవ్యాధుల హెడ్డు, లెక్కల లెక్చరరు, మూలన మస్తాన్ సారు. ముప్పై టిక్కులూ తప్పని, తప్పు పేషెంట్లది కాదు అడిగిన మనిషిదని, ఆ ముప్పై మందినీ థీసిస్‌లో అట్టాగే రాస్తానని, మళ్ళీ మొదటి నుంచి చెయ్యనివ్వమని అడిగింది. చర్మవ్యాధుల హెడ్డు, అయితే ఈలోగా మిషను ఖాళీయేగా అన్నాడు. తన గురువు ఒక్క మాట సాయం చేస్తారని శర్వాణి మూల వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

సూపరింటెండెంటు నున్నటి తల నిమురుకుని, వచ్చే జూన్ దాకా గడువిచ్చాడు. ఆ తరవాత మిషను ఎవరికి పనికొస్తే వాళ్ళదే.

ఎనిమిది నెలలు. ఈసారి శర్వాణి ముందు మిషను దగ్గరికి పోలేదు, యార్డుకు పోయింది. మొదటిరోజు పదిహేడు సార్లు తుమ్మింది, లెక్కపెట్టింది అక్కడి ఆడవాళ్ళే. గోతాం మీద కూర్చోబోతే, మిరప చేతులతో కళ్ళు తుడుచుకోవద్దని సామ్రాజ్యమ్మ ఆమెకే జాగ్రత్తలు చెప్పింది. సామ్రాజ్యమ్మకు ఒకసారి ఇంజెక్షను పడింది గనక కొత్త జాబితాలో చోటు లేదు. అయినా మనుషుల్ని పోగుచేసింది ఆవిడే.

కొత్త జాబితాలో మొదటి పేరు అనసూయమ్మ. ఆవిడ రానంది. శర్వాణి మూడుసార్లు వెళ్ళి అడిగింది. మూడోసారి, నిజం చెప్పినందుకు మీ పేరు కొట్టేశాను, తప్పు నాది అంది. అప్పుడు వచ్చింది.

మాత్ర మానాల్సిన రోజులకు ప్లేట్‌లెట్ల జోలికి పోని మందు ఇచ్చింది. అది చాలని వాళ్ళకు మోకాలి చుట్టూ ఉండే సన్న నరాల దగ్గర మత్తు సూది వేసింది, కీలు లోపల కాకుండా బయట. కీలు లోపల పడితే ఆ మత్తు ప్లేట్‌లెట్లనీ నీరసింపజేస్తుంది. ఆ సూది కొందరికి ఒక రోజు పనిచేసింది, కొందరికి నాలుగు రోజులు. పనిచెయ్యని రోజున మళ్ళీ వేసింది. ప్లాస్మా వాళ్ళకైనా సెలైన్ వాళ్ళకైనా ఒకేలాగ. తరవాత నొప్పి అడగడానికి వాళ్ళు బస్సెక్కి రానక్కర్లేదు, నర్సు గ్రేసమ్మ యార్డుకే వెళ్ళేది.

రిజిస్టరులో టిక్కుల గడి తీసేసింది. దాని చోట వెడల్పాటి గడి ఒకటి గీసింది, రాసుకోవడానికి. వేసుకున్నారా అని అడగడం మానేసింది. ఏది వేసుకున్నారు, ఎప్పుడు అని అడిగేది. వేసుకున్నామంటే ఇంజెక్షను వాయిదా పడేది, పేరు పోయేది కాదు. ముప్పై ఆరుమందిలో పదకొండు మందికి వాయిదా పడింది. ఒకావిడకు మూడుసార్లు పడింది. శర్వాణి మూడుసార్లూ నవ్వుతూనే రాసుకుంది. మూడోసారి నవ్వడం కొంచెం కష్టమైంది.

జూన్ వచ్చింది. కమిటీ కూర్చుంది. లెక్కల లెక్చరరు కవర్లు విప్పి, అంకెలు వేసుకుని, మళ్ళీ ఒకసారి వేసుకున్నాడు. అతను తల ఎత్తకుండానే చదివాడు. ఎముకకు ఎముక రాసుకునేంత అరిగిన మోకాళ్ళకి పెద్దగా లాభం లేదు. మిగతావాళ్ళలో, ప్లాస్మా పడిన పదిమందిలో ఏడుగురికి నొప్పి సగానికి పైగా తగ్గింది. సెలైన్ పడిన పదిమందిలో ఇద్దరికి. అప్పుడు తలెత్తి, తేడా ఉందమ్మా అన్నాడు. పోయినసారి చెప్పినవాడే, ఈసారి పెళ్ళి కబురు చెబుతున్న మొహంతో.

సూపరింటెండెంటు అంకెలున్న కాగితం తన వైపు లాక్కుని పైనుంచి కింద దాకా చదివాడు. మిషను ఉన్నచోటే ఉంటుందన్నాడు. బట్టతలలకు తొందరేమీ లేదని, ఆ మాట చెప్పే హక్కు తనకుందని కూడా అన్నాడు. చర్మవ్యాధుల హెడ్డే ముందు నవ్వాడు. శర్వాణికి ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిన ఏడుపు గనక తుడుచుకోలేదు.

జాబితాలో చేర్చుకునేటప్పుడే మాట ఇచ్చిన ప్రకారం సెలైన్ పడినవాళ్ళందరికీ ప్లాస్మా మొదలైంది. మొదటి జాబితా ముప్పై మందిలో కావాలన్నవాళ్ళకీ మళ్ళీ ఇచ్చారు, ఈసారి పద్ధతిగా. అందులో ముందు నిలబడింది సామ్రాజ్యమ్మ. ఒకసారి వాయిదా పడింది. ఆవిడే చెప్పింది, పచ్చది ఒకటి ఏసుకున్నా తల్లీ, రాసుకో అని.

సెప్టెంబరులో ఒక గురువారం సామ్రాజ్యమ్మ యార్డు నుంచి ఇంకో నలుగురు కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. బెంచీ మీద చోటున్నా కూర్చోలేదు. కారిడారు మధ్యలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అందరూ చూస్తున్నారో లేదో ఒకసారి చూసుకుంది. గోడ పట్టుకోకుండా, ఎవరి చెయ్యీ అడగకుండా లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. గ్రేసమ్మ చప్పట్లు కొట్టింది. అటుగా పోతున్న ట్రాలీ వాళ్ళు కూడా ఆగి చూశారు. శర్వాణికి గోల్డ్ మెడల్ ఇచ్చినా అంత గర్వం వచ్చేది కాదు.

ఆ రోజు ఓపీ అయిపోవచ్చే వేళకు బెంచీ చివర ఇంకొకరు కూర్చుని ఉన్నారు. మస్తాన్ సారు. చెప్పులు విడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన వంతు కోసం చూస్తున్నారు. శర్వాణి రిజిస్టరు పట్టుకుని బయటికి వచ్చి, ఆయన్ను చూసి, కొత్త పేజీ తిప్పింది.

పేరు అడిగింది. చెప్పారు. వయసు అడిగింది. చెప్పారు. ఏ కాలు అని అడిగితే రెండూ అన్నారు.

"నొప్పికి ఏది వేసుకుంటున్నారు సార్? ఆఖరిది ఎప్పుడు వేసుకున్నారు?"

మస్తాన్ సారు కళ్ళు దించుకున్నారు.

"లేదు తల్లీ" అన్నారు. "ఏసుకోలా."

బెంచీ మీద ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. శర్వాణి ఏమీ రాసుకోలేదు. పెన్ను మూసి, ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. కూర్చుని, అరచెయ్యి ముందుకు చాచింది.

ఆయన కాసేపు ఆ చెయ్యి చూశారు. తరవాత చొక్కా జేబులోంచి స్ట్రిప్పు తీసి అందులో పెట్టారు. అవి తెల్లవి కావు, పచ్చవి. నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"వచ్చే గురువారం రండి సార్" అంది శర్వాణి.

"అట్టాగే తల్లీ" అన్నారు మస్తాన్ సారు. లేవడానికి ఆమె వైపు చెయ్యి చాచారు.

ఆమె రెండో చెయ్యి ఖాళీగానే ఉంది.